బస్తాల చెయ్యి పెట్టి చూపియ్యమను

ప్రశ్న:

అక్కా, నమస్తే. మాది నర్సంపేట దగ్గర పల్లె. నాకు 31 ఏండ్లు, ఇద్దరు పిల్లలు. డిగ్రీ చదివిన. మూడేండ్ల సంది కథలు రాస్తున్న. రాస్తున్న అనుడే గానీ మొదలుపెట్టినయి 11, పూర్తయినయి 2. ఆ రెండు గూడ ఎవ్వరికీ పంపలే. రాత్రి ఫోన్ల రాసుకున్నప్పుడు మంచిగనే అనిపిస్తది. పొద్దుగాల చదివితే సిగ్గయితది, తీసేస్త. ఒకటి మా మరిదికి చూపిస్తే "గిది కథనా వదినా, మన ఇంట్ల ముచ్చటే గదా" అని నవ్విండు. అచ్చయిన కథలు చదివితే ఆ భాష నాకు రాదనిపిస్తది. మన భాషల రాస్తే ఎవరన్న వేస్తరా అని భయం.

ఇప్పుడు మా నాయిన మీద ఒకటి రాస్తున్న, మిర్చి అమ్మబోయిన రోజు సంగతి. జెండా పాట విన్నంక మా నాయిన ఏం మాట్లాడలే. బస్తా మూతికి కట్టిన సుతిలి తాడు ఇప్పుడు, మళ్ళ కట్టుడు, నాలుగైదు సార్లు అట్లనే చేసిండు. అది చూసినప్పటి సంది రాయాలని ఉన్నది. మొదటి పేరా కింద పెడుతున్న. నాకు నిజంగ రాయొస్తదా, ఇడిసిపెట్టాల్నా, నువ్వే చెప్పు.

"ఆ రోజు మార్కెట్ జనసంద్రంలా ఉంది. నాన్న వదనంలో ఏదో తెలియని ఆందోళన అలముకుంది. ఆశల సౌధం ఒక్కసారిగా కుప్పకూలినట్లయింది. బరువెక్కిన హృదయంతో ఆయన మౌనంగా నిలబడిపోయాడు. ఒక కన్నీటి చుక్క చెంపపై నుండి జారిపడింది."

సమాధానం:

చెల్లె, కథ నీ ఉత్తరంల ఉన్నది. కథ అని పంపిన పేరాల లేదు. సుతిలి తాడు సంగతి రాసేటప్పుడు నువ్వు భయపడలేదు, ఎందుకంటే ముచ్చట చెప్తున్న అనుకున్నవు. పేరా దగ్గరికి రాంగనే పట్టుచీర కట్టుకొని ఫొటోకు నిలవడ్డట్టు బిగుసుకపోయినవు.

ఆ పేరాను పరీక్ష చేద్దాం. దాంట్ల "మార్కెట్" తీసి "దవాఖాన" పెట్టు. ఇంకొక్క మాట మార్చే పని పడదు. బస్టాండ్ పెట్టినా నడుస్తది, ఫలితాలొచ్చిన రోజు కాలేజీ పెట్టినా నడుస్తది. ఆ నాయిన జాగాల ఏ నాయిననన్న నిలవెట్టొచ్చు. "ఏదో తెలియని ఆందోళన" అన్నవు. ఎందుకు తెలియదు? ధర తక్కువ పలికింది, నీకు తెలుసు, ఆయనకు తెలుసు. తెలిసినదాన్ని తెలియదని రాసినంక పొద్దుగాల చదివితే సిగ్గు గాకపోతే ఏమయితది? ఇప్పుడు సుతిలి వాక్యం తీసుకో. దాన్ని దవాఖానకు తీస్కపోలేవు. దానికి బస్తా కావాలె, బస్తాకు మూతి కావాలె, జెండా పాట కావాలె. (తెలియనోళ్ళ కోసం: పొద్దుగాల మార్కెట్ల మొదట ఒక మంచి సరుకుకు పాడే ధర జెండా పాట. ఆ రోజుకు అదే పై ధర. మిగతా బస్తాలు దానికి ఎంత కింద పలుకుతయన్నది తర్వాతి సంగతి. రైతు గుండె దడదడలాడేది ఆ నడుమనే.)

అంటే నీ అనుమానం నీకు అబద్ధం చెప్పలేదు. "ఈ పేరా నాది గాదు" అని అది సరిగ్గనే పసిగట్టింది. నువ్వు దాన్ని "నాకు రాయరాదు" అని ఇన్నవు. ఈ రెండు మాటల మధ్యన తేడా పట్టుకునుడే నీకు కావాల్సిన పని. ధైర్యం తెచ్చుకో, నిన్ను నువ్వు నమ్ముకో అని చెప్పుడు నాకు గూడ సులువే గానీ, అవి రాత్రి పదింటికి నోట్‌బుక్ ముంగట కూసున్నోళ్ళకు అక్కరకు రావు.

మార్కెట్ల ఖరీదుదారు బస్తా దగ్గరికొచ్చి ఏం చేస్తడో మీ నాయినను అడుగు. చెయ్యి లోపలికి పెడ్తడు. పిడికెడు కాయ తీస్తడు. రంగు చూస్తడు, తేమ ఉన్నదా అని వొత్తుతడు, తాలు, అంటే తెల్లవడ్డ కాయ, కలిసిందా అని అరచేతుల పరిచి చూస్తడు. ధర తగ్గించినా, ఎందుకు తగ్గించిండో చేతిల ఉన్న కాయ చూపించి చెప్తడు. బస్తాల చెయ్యి పెట్టకుంట "నీకు యవుసం రాదు, ఇంటికి పో" అంటే ఎవ్వరన్న ఊకుంటరా? నీ అనుమానాన్ని గూడ అదే అడుగు. బస్తాల చెయ్యి పెట్టి చూపియ్యమను.

ఇది కాయితం మీద చేసే పని, మనసుల చేస్తే కాదు. నోట్‌బుక్ చివరి పేజీల నిలువు గీత కొట్టు. ఎడమ దిక్కు అనుమానం అన్న మాట అన్నట్టే రాయి. కుడి దిక్కు "ఏ వాక్యం?" అన్నదానికి జవాబు రాయి. రెండు నిమిషాలు చూడు. కుడి దిక్కు ఖాళీగ ఉంటే ఎడమ దిక్కు మాట కొట్టెయ్. నీ ఉత్తరంల ఉన్నయే తీసుకుందాం. "నాకు రాయొస్తదా" అన్నదానికి ఏ వాక్యం? ఏదీ లేదు. కొట్టెయ్. "పొద్దుగాల చదివితే సిగ్గయితది." ఏ వాక్యం? పేరాల ఉన్న అయిదూ. అంటే అయిదు వాక్యాల పని ఉన్నది, అంతకంటె ఎక్కువ లేదు. "మరిది నవ్విండు." అక్కడ ఆగు, దాని దగ్గరికి మళ్ళ వస్త.

ఇగ టైం సంగతి. అనుమానం చెడ్డది గాదు, రావాల్సిన గడియల రాదు. మిరప తోటల కాయ ఏరేటప్పుడు కూలీలు ఒక్కో కాయ దగ్గర నిలవడి ఇది తాలా, మేలా అని చూసుకుంట కూసుంటే పొద్దుగూకెదాక ఒక సాలు దాటరు. పైగ ఎంత తాలు ఉన్నదన్నది పచ్చి మీద మొత్తం తెలియదు. కల్లంల పోసి ఎండినంక తెల్లవడ్డ కాయ తనంతట తనే కనవడ్తది, అప్పుడు ఏరి పక్కకు పెడ్తరు. నువ్వు చేస్తున్నదేందంటే, చెట్టు మీదనే తాలు ఏరుతున్నవు. అందుకే 11ల 9 ఆగిపోయినయి.

మొదటి రాతకు నేను చెప్పే పద్ధతి ఇది. ఫోన్ పక్కకు పెట్టి లాంగ్ నోట్‌బుక్ కొనుక్కో. దాంట్ల పేజీకి 22 నుంచి 25 గీతలుంటయి, గీతకు ఏడెనిమిది మాటలు పడ్తయి, అంటే పేజీకి సుమారు 180 మాటలు. నీకు కావాల్సింది వెయ్యి, పదకొండు వందల మాటల కథ, అంటే ఆరు పేజీలు. రోజుకు ఒక పేజీ, 20 నిమిషాలు, అలారం పెట్టుకొని. కుడి పేజీలనే రాయి, ఎడమ పేజీ ఖాళీగ ఇడువు, అది తర్వాత దిద్దుడుకు పనికొస్తది. రాసేటప్పుడు కొట్టివేతలు లేవు. మాట నచ్చకపోతే దాని సుట్టు సున్న పెట్టి ముంగటికి పో. తెలియని సంగతి వస్తే, అంటే ఆ ఏడు ఎన్ని బస్తాలయినయి, తక్‌పట్టిల (అమ్మకం లెక్క చీటీల) ఏం రాసిన్రు అన్నట్టివి, అక్కడ గీత పెట్టి ఖాళీ వదులు. నాయినకు ఫోన్ చేసి అడిగే పని ఆఖర్ల. నడుమ లేచి అడగపోతే ఆ రోజు రాత అక్కడికే అయిపోతది, నాయినతోని ముచ్చట మాత్రం గంట నడుస్తది.

అలారం మోగంగనే వాక్యం నడుమల ఆపు. పూర్తి చెయ్యకు. తెల్లారి కూసున్నప్పుడు సగం వాక్యం ఉంటే చెయ్యి దాన్ని తనంతట తనే ముగిస్తది, ఖాళీ పేజీ ముంగట బిక్కమొఖం వేసే బాధ ఉండది. నిన్నటి రాతల ఆఖరి మూడు గీతలే చదువు. మొదటి నుంచి చదివితే దిద్దుడు మొదలయితది, 20 నిమిషాలు దానికే పోతయి.

ఫోన్ ఎందుకు వద్దంటున్న అంటే, దాంట్ల తీసెయ్యుడు చానా అలుక. నోట్‌బుక్‌ల కొట్టేసిన మాట గూడ కనవడ్తనే ఉంటది, నెల తర్వాత అదే బాగున్నదని తెలుస్తది. ఫోన్ల పోయింది పోయినట్టే. ఇంకోటి, ఫోన్ తెర మీద పది, పన్నెండు గీతల కంటె ఎక్కువ కనవడయి. కనవడ్డ ఆ పది గీతలనే తిప్పితిప్పి దిద్దుతవు, కథ కదలదు. మాట్లాడితే టైప్ చేసేది గూడ నీకు అక్కరకు రాదు. మన "అచ్చిండు"ను అది చానాసార్లు పట్టుకోలేక తనకు తెలిసిన మాట ఏదో పెడ్తది. నీ భాష మీద నీకే అనుమానం ఉన్నప్పుడు ఆ మిషిన్ గూడ దిద్దుడెందుకు?

రాత్రి మంచిగ అనిపించి పొద్దుగాల చెడ్డగ అనిపించుడు గురించి ఒక మాట. రాత్రికి నీ ఒళ్ళు అలిసి ఉంటది, తప్పులు పట్టే బుద్ధి గూడ అలిసి పండుకుంటది. పొద్దున అది మంచి నిద్రపోయి లేచి ఉంటది. రెండు పూటలా కథ అదే, చదివే మనిషి వేరు. అందుకని రాత్రి మెచ్చుకోలును నమ్మకు, పొద్దుటి తిట్టును నమ్మకు. కుదిరితే పిల్లలు బడికి పోయినంక రాయి. కుదరకపోతే రాత్రే రాయి, కానీ తెల్లారి చదవకు. కనీసం పది రోజులు ఆ నోట్‌బుక్ తెరవకు. బీరువాల పెట్టి పైన బట్టలు పెట్టు. ఆ పది రోజుల్ల ఇంకో కథకు మొదటి పేజీ రాస్తవో, చింతపండు పిక్కలు తీస్తవో నీ ఇష్టం.

ఇప్పుడు ఆగిపోయిన తొమ్మిదింటి సంగతి. తీసేసినయి పోను మిగిలినయి ముంగటేసుకొని ఒక్కోటి ఎక్కడ ఆగిందో చూడు. కొన్ని రెండో పేజీల ఆగి ఉంటయి. ఊరు ఎట్లుంటది, ఇల్లు ఎట్లుంటది, ఎవరు ఎవరికి ఏమయితరు, అన్నీ చెప్పినంక జరగాల్సింది మొదలుగాకముందే ఊపిరి అయిపోయి ఉంటది. దానికి మందు సులువు: నడుమల నుంచి మొదలుపెట్టు. ఈ కథైతే సుతిలి తాడుతోనే మొదలుపెట్టు. ట్రాక్టర్ల బస్తాలేసుకొని తెల్లవారుజామున బయలుదేరుడు, దారిల చాయ్ తాగుడు, గేటు దగ్గర లైన్, ఇవన్నీ రాయాలనిపిస్తే వెనక్కి పోయి రాద్దువు గానీ. చానామట్టుకు అక్కర పడదు.

ఇంకొన్ని నాలుగో పేజీలనో అయిదో పేజీలనో ఆగి ఉంటయి. అవి చూడు జర జాగ్రత్తగ. అక్కడ ఇంటి మనిషి ఎవరో తప్పు చెయ్యాల్సి వచ్చి ఉంటది, లేకపోతే ఒక మాట అనాల్సి వచ్చి ఉంటది. అత్తనో, భర్తనో, నాయిననో. నీ చెయ్యి అక్కడ ఆగింది రాయరాక గాదు, "వాళ్ళు చదివితే?" అన్న భయానికి. ఇది అనుమానం ఏసం కట్టుకొని వస్తది, "కథ బాగలేదు" అంటది. దీనికి రెండు పనులు. ఒకటి, మనిషికి మూడు సంగతులు మార్చు: ఊరు, వయసు, చేసే పని. నాయినను పెదనాయిన చెయ్, మిర్చిని పత్తి చెయ్, అమ్మాయి జాగాల అబ్బాయిని పెట్టు. మార్చినంక ఆ మనిషి నీ చెయ్యి దాటి తన మాట తను మాట్లాడుతడు. రెండు, ఎవరికి చూపియ్యాలె అన్నది కథ అయినంక ఆలోచించు, ముందు గాదు. ఎవ్వరికీ చూపియ్యని కథ గూడ పూర్తి చెయ్యొచ్చు, కాయితం నిన్నేం అనది. మిర్చి కథల మాత్రం ఏమీ మార్చే పని లేదు. దాంట్ల మీ నాయినకు తలవంపులు ఏమీ లేవు.

సుతిలి దగ్గర నేనైతే ఎట్ల పెడుదునో నాలుగు గీతలు చూపిస్త. కథ నీది, ఇది కొలతకే.

"జెండా పాట అయిపోయింది. నాయిన బస్తా మూతికున్న సుతిలి ఇప్పిండు. మళ్ళ కట్టిండు. పక్క బస్తాలాయన 'ఎంతకు పోయిందే' అని అడిగితే ఇనవడనట్టు మళ్ళ ఇప్పిండు. ముడి గట్టిగనే ఉన్నది."

పక్క బస్తాలాయన నేను పెట్టిన మనిషి, నువ్వు చూసినోళ్ళు వేరే ఉంటరు. దీంట్ల దుఃఖం అన్న మాట లేదు, హృదయం లేదు, కన్నీరు లేదు. "ముడి గట్టిగనే ఉన్నది" అన్న వాక్యం ఏం చేస్తదో చూడు: కట్టిందాన్నే ఎందుకు మళ్ళ కడుతుండు అన్న ప్రశ్న చదివేటోళ్ళ మనసుల పుట్టిస్తది, జవాబు వాళ్ళనే చెప్పుకోనిస్తది. అట్లని ప్రతి వాక్యం ఇంత పొట్టిగ రాస్తే టెలిగ్రాం లెక్క అయితది. ఇట్లాంటియి నాలుగైదు వరుసగ వచ్చినంక ఒక పొడుగు వాక్యం పడాలె.

పది రోజులయినంక నోట్‌బుక్ తీసి పైకి చదువు. మనసుల చదివితే కన్ను తప్పులు దాటేస్తది, నోరు దాటెయ్యలేదు. తట్టుకున్న చోట పెన్సిల్‌తోని గీత పెట్టు, అప్పుడే దిద్దకు. రెండోసారి మూడు రకాల మాటలు వెతుకు. మొదటివి గుండె, మనసు, హృదయం, కన్నీరు, మౌనం, ఆవేదన లాంటియి. ఆరు పేజీల్ల ఇట్లాంటియి రెండు మించి ఉంటే మిగతాయి తీసి వాటి జాగాల చేతులు ఏం చేస్తున్నయో రాయి. రెండోవి "లాగా", "వలె", "అన్నట్టు" అని పోల్చేటియి. పేజీకి ఒక్కటి చాలు. మూడోవి పేరు పెట్టకుంట వదిలేసిన వస్తువులు. "ఏదో చెట్టు", "ఒక బండి" అని ఉంటే అది తుమ్మ చెట్టా, ట్రాలీ ఆటోనా అని రాయి. తర్వాత మొదటి పేరా మీద చెయ్యి అడ్డం పెట్టి రెండో పేరా నుంచి చదువు. కథ అర్థమయితే మొదటి పేరా కొట్టెయ్. కొత్తగ రాసేటోళ్ళ మొదటి పేరా చానాసార్లు గొంతు సవరించుకునుడే.

దిద్దుడు మూడు సార్లు. అంతే. నాలుగోసారి కూసున్నప్పుడు, ముందు మార్చిన మాటను మళ్ళ పాత మాటకే మారుస్తున్నవంటే పని అయిపోయిందని గుర్తు. అక్కడి నుంచి చేసేది దిద్దుడు గాదు, నీ నాయిన తాడు ఇప్పి కట్టినట్టే.

భాష సంగతి. మన మాటకు అచ్చుల జాగ లేదన్న భయం నీ ఒక్కదానిది గాదు, దానికి పాత చరిత్రనే ఉన్నది. తెలంగాణల కవులు లేరన్న మాట వచ్చినప్పుడు సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవుల రచనలు కూడబెట్టి 1934ల గోలకొండ కవుల సంచిక అచ్చేసిండు. వాదం పెట్టుకోలేదు, లెక్క ముంగట పెట్టిండు. హన్మకొండల బతికిన కాళోజీ ఇంట్ల మాట్లాడే మాటనే కవిత్వం చేసిండు, 1992ల పద్మవిభూషణ్ వచ్చింది, ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగ జరుపుతున్నరు. మన మాటల వచ్చే కథలను ఇప్పుడు పత్రికలు వేస్తనే ఉన్నయి. ఇవన్నీ తెలిసినా పేజీ ముంగట భయం భయమే, కాబట్టి చేతికి పని చెప్త.

ముందు నిర్ణయం ఒకటి: కథ చెప్పే గొంతు ఏ భాషల నడుస్తది? మాటలు మాత్రమే మన యాసల ఉండి మిగతాది పత్రిక భాషల ఉండొచ్చు, మొత్తం మన మాటల్నే ఉండొచ్చు. రెండూ నడుస్తయి. నడవనిది ఏందంటే ఒక పేరాల "నిలవడ్డడు", తర్వాతి పేరాల "నిలబడ్డాడు" వచ్చుడు. అది చదివినోళ్ళకు యాస లెక్క అనిపియ్యది, తప్పు లెక్క అనిపిస్తది, పత్రికోళ్ళు గూడ అక్కడనే చెయ్యి పెడ్తరు. అందుకని ఒక పేజీల నీ మాటల జాబితా రాసుకో: వచ్చిండా, అచ్చిండా? చేసిన్రా, చేశిండ్రా? పొద్దుగాలనా, పొద్దుగాలానా? ఒక్కోదానికి ఒక్కటి ఎంచుకొని కథ మొత్తం అదే వాడు. పాతిక మాటలకు ఎంచుకుంటే చాలు, తొంభై పాళ్ళు గడబిడ పోతది.

ఇంకో చిక్కు "ల" తోని వస్తది. "ఇంట్ల", "ఫోన్ల" తేటగనే ఉంటయి. "కథల పేరు" అంటే కథ లోపల ఉన్న పేరా, చానా కథల పేరా? అట్ల తడబడే చోట "లో" అనో "లోపల" అనో పెట్టు, ఎవ్వరూ ఏమనరు. బయటి జిల్లాలోళ్ళకు తెలియని మాట వస్తే పక్కన అర్థం చెప్పకు, ఆ మాటతోని పని చేపియ్యి. "అడ్తి దుకాణం ముంగట నాయిన లెక్క కోసం కూసున్నడు, సేటు కమీషన్ పట్టుకొని మిగతాయి చేతుల పెట్టిండు" అని రాస్తే అడ్తి ఏందో గుంటూరోళ్ళకూ తెలుస్తది, శ్రీకాకుళపోళ్ళకూ తెలుస్తది.

అచ్చయిన కథలతోని పోల్చుకునుడు దగ్గర నీది లెక్క తప్పు. నువ్వు చూస్తున్నది వాళ్ళ నాలుగో రాత, పోలుస్తున్నది నీ మొదటి రాత. ఎండి, తాలు ఏరి, బస్తాకెక్కిన కాయను చెట్టు మీది కాయ పక్కన పెట్టినట్టు. పోల్చాలనే ఉంటే పని చేసుకుంట పోల్చు. నీకు నచ్చిన కథ ఒకటి తీసుకొని మొదటి పేజీ నీ చేతితోని ఎత్తి రాయి. తర్వాత లెక్కపెట్టు: మొదటి మాటామంతి ఎన్నో వాక్యంల వచ్చింది, ఎంతమంది మనుషులకు పేరు పెట్టిండు, జరిగేది ఏ పేరాల మొదలయింది. పది కథలకు ఇట్ల చేస్తే, నీకు అందనంత ఎత్తుల ఉన్నదనిపించింది నాలుగైదు పద్ధతులుగ కనవడ్తది. హన్మకొండకు వచ్చే పని పడితే రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం ఉన్నది, 1904 సంది ఉన్న గ్రంథాలయం. రెండు గంటలు కూసొని పో.

ఇగ మరిది. నవ్వినందుకు కోపం ఉంచుకో, తప్పులేదు. కానీ ఆయనకు తెలియకుంటనే బస్తాల చెయ్యి పెట్టిండు. "మన ఇంట్ల ముచ్చటే గదా" అన్నదాంట్ల ఒక పనికొచ్చే ప్రశ్న ఉన్నది: ఇంట్ల జరిగినదానికి, కథకు తేడా ఏంది? జరిగినదాంట్ల అన్నీ ఉంటయి. కథల ఒకదాని కోసం మిగతాయి పోతయి. ఆ కథ తీసి ఒక్క వాక్యం రాయడానికి చూడు: "మొదట్ల ఫలానా మనిషి ఇట్లున్నడు, ఆఖరికి ఇట్లయిండు." వాక్యం వస్తే కథ ఉన్నది. రాకపోతే ముచ్చట ఉన్నది, దాన్ని ఇంకా కొయ్యాలె.

మొదటి రాత మాత్రం ఇంట్లోళ్ళకు చూపియ్యకు. వాళ్ళు కథ చదవరు, దాంట్ల ఎవరెవరున్నరో వెతుకుతరు. దిద్దుడు మూడు సార్లు అయినంక ఇద్దరికి ఇయ్యి, ఒకరు మన దిక్కోళ్ళు, ఒకరు బయటోళ్ళు. "ఎట్లున్నది?" అని అడగకు. దానికి "బాగున్నది" తప్ప ఇంకో జవాబు మర్యాద గాదు. మూడు అడుగు: ఎక్కడ విసుగొచ్చింది? ఎక్కడ అర్థం గాలేదు? రెండు రోజులయినంక ఏం గుర్తున్నది? ఇద్దరూ ఒక్క చోటనే వేలు పెడితే అక్కడ ఏదో ఉన్నది, మార్చు. ఎట్ల మార్చాలన్నది మాత్రం వాళ్ళు చెప్పినట్టు చెయ్యాల్సిన పని లేదు. నొప్పి ఎక్కడున్నదో రోగి చెప్పినంత సరిగ్గ ఎవరూ చెప్పలేరు, మందు మాత్రం రోగి రాసుకోడు.

పంపుడు సంగతి పొట్టిగ చెప్త. యూనికోడ్‌ల టైప్ చెయ్. సొంత కథ, అనువాదం గాదు, ఇంకెక్కడా వెయ్యలేదు, వేరే దగ్గర పరిశీలనల లేదు అని నాలుగు గీతల హామీ పత్రం జత చెయ్. ఒక కథ ఒకసారికి ఒక పత్రికకే. తారీకు రాసుకో. మూడు నెలలు జవాబు రాకపోతే రాలేదని లెక్కేసుకొని ఇంకో దగ్గరికి పంపు. వెనక్కి వచ్చినా, అసలు జవాబే రాకపోయినా, చివరి పేజీల ఎడమ దిక్కు రాసి కుడి దిక్కు "ఏ వాక్యం?" అని అడుగు. వాళ్ళు ఏ వాక్యమూ చూపియ్యలేదు గదా, కొట్టెయ్. వాళ్ళకు జాగ లేకపోయి ఉండొచ్చు, అట్లాంటి కథనే పోయిన వారం వేసి ఉండొచ్చు. కథ ఒక దగ్గర ఉన్నప్పుడు ఇంకోటి నోట్‌బుక్‌ల నడుస్తుండాలె, లేకపోతే పోస్టుమన్ కోసం ఎదురుచూసినట్టు రోజుకు పదిసార్లు మెయిల్ తెరుస్తవు.

ఒక్క సంగతి వేరుగ చెప్పాలె. "నాకేం రాదు" అన్నది రాత దగ్గర ఆగకుంట వంట దగ్గర, పిల్లల దగ్గర, అన్నిట్ల వస్తుంటే, రెండు వారాల కంటె ఎక్కువ నిద్ర, ఆకలి తప్పి ఉంటే, అది కథల సంగతి గాదు. నోట్‌బుక్ దాన్ని బాగుచెయ్యలేదు, డాక్టర్‌కు చూపెట్టుకోవాలె. మనసు బాగలేనోళ్ళ కోసం సర్కారు పెట్టిన టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగుల మాట్లాడుతరు, పైసలు తీసుకోరు. నీ ఉత్తరంల నాకు అట్లాంటిదేం కనవడలేదు, చదివే ఇంకెవరికన్న అక్కరకొస్తదని చెప్తున్న.

నువ్వు రేపు చేసేది ఇదొక్కటే: ఆ అయిదు వాక్యాల పేరా పక్కకు పెట్టి, సుతిలి తాడుతోని మొదటి పేజీ, 20 నిమిషాలు. నాకు గూడ ఒకటి తెలుసుకోవాలని ఉన్నది, నీ ఉత్తరంల రాయలేదు: అయిదోసారి ముడి వేసినంక మీ నాయిన ఆ చేతులు ఎక్కడ పెట్టుకున్నడు?